ఫోన్ ఎత్తింది నేను కాదు

"ఏరా, నేను మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశావేం?"

2008 వేసవిలో ఓ ఆదివారం రాత్రి డాలస్ నుంచి తెనాలికి ఫోన్ చేస్తే మా నాన్నగారు అన్న మొదటి మాట అది. ఆయనతో మాట్లాడి అప్పటికి వారమైంది. నేను ఫోన్ పెట్టేయడమేమిటో నాకు అర్థం కాలేదు.

మీకు అర్థం కావాలంటే నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. అప్పట్లో నేను ఒక కంపెనీలో మెయిల్ సర్వర్లు చూసేవాణ్ణి. "పోస్టాఫీసు ఉద్యోగం లాంటిదేలే" అని మా అమ్మకి చెబుతుండేవాణ్ణి. మేము కొత్తగా ఎక్స్చేంజ్ సర్వర్ 2007 పెట్టుకున్నాం. అందులో యూనిఫైడ్ మెసేజింగ్ అని ఒక సదుపాయం. అంతవరకూ ఉత్తరాలు పంచిన సర్వరు దాంతో ఫోన్లు ఎత్తడం కూడా నేర్చింది. మన బల్ల మీది ఫోన్ నాలుగుసార్లు మోగినా ఎవరూ ఎత్తకపోతే ఆ కాల్ సర్వరుకి వెళుతుంది. మనం ముందే రికార్డు చేసిపెట్టిన పలకరింపుని అది మన గొంతుతోనే వినిపిస్తుంది. అవతలివాళ్ళు చెప్పింది రికార్డు చేసి, ఈమెయిల్‌కి తగిలించి మన పెట్టెలో వేస్తుంది.

దానికి మరమ్మతులు చేసేటప్పుడు మాత్రం ఫోన్లు ఎత్తకుండా ఆపాలి. అందుకు రెండు మార్గాలున్నాయి. ఒకటి, నడుస్తున్న కాల్స్ పూర్తయ్యేదాకా ఆగి, కొత్తవి తీసుకోకుండా మానుకోవడం. రెండోది వెంటనే ఆపేయడం. అప్పుడు ఎవరు ఏ మాట మధ్యలో ఉన్నా లైను తెగిపోతుంది. కమాండ్‌లో తేడా ఒక్క ముక్కే. 'ఇమ్మీడియట్' అన్నదాని పక్కన 'ఫాల్స్' అని కొడతామా, 'ట్రూ' అని కొడతామా, అంతే.

ఆ శనివారం రాత్రి పదకొండు గంటలకి కింద సర్వర్ గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. తెర మీద చూస్తే ఒకే ఒక్క కాల్ నడుస్తోంది. ఈ వేళప్పుడు కంపెనీకి ఫోన్ చేసేదెవరు, ఏ రాంగ్ నంబరో అయ్యుంటుందనుకున్నాను. ఆగే ఓపిక లేదు. ట్రూ అని కొట్టాను. అర్ధరాత్రికల్లా పని ముగించుకుని ఇంటికెళ్ళి పడుకున్నాను.

మన దేశంలో అప్పుడు ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర.

తెల్లవారుజామున మా అమ్మ స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళితే ఆపరేషన్ చెయ్యాలన్నారు. చేయించాలా, హైదరాబాదు తీసుకెళ్ళాలా అని అడుగుదామని నాన్నగారు ఎదురుగా ఉన్న బూత్‌కి వెళ్ళారు. నేను సెల్ నంబరు మార్చి పది రోజులైంది, ఇంటికి చెప్పడానికి బద్ధకించాను. శనివారం రాత్రి ఆఫీసులో ఉంటానని మాత్రం చెప్పాను. ఆయన జేబు డైరీలోంచి ఆఫీసు నంబరు తీసి చేశారు. పైఅంతస్తులో నా బల్ల మీద ఫోన్ నాలుగుసార్లు మోగింది. తరవాత సర్వరు ఎత్తింది.

"నువ్వు ఇంగ్లీషులో గబగబా ఏదో అన్నావు. పక్కన మీ ఆఫీసరున్నాడేమో, తెలుగు మాట్లాడకూడదేమో అనుకున్నా. నా మానాన నేను చెప్పుకుపోతున్నా. ఏం చెయ్యమంటావురా అని అడిగేసరికి ఠక్కున పెట్టేశావు. పనిలో ఉన్నావు కాబోలని మళ్ళీ చెయ్యలేదు."

ఆదివారమంతా ఆయన ఒక్కరే ఆలోచించుకుని, ఒక్కరే సంతకం పెట్టారు. సోమవారం పొద్దున్న బట్టలకోసం తెనాలి వచ్చారు కాబట్టి నాకు దొరికారు. ఆ పదింటికే ఆపరేషన్.

అది మిషనండీ నాన్నగారూ, నేను కాదు, అన్నాను.

"నీ గొంతేగదరా" అన్నారు.

మా అమ్మ కోలుకుంది. కర్ర పట్టుకుని పెరట్లోకి నడిచింది. నేను ఆ వారమే పలకరింపు మార్చాను. ఇంగ్లీషు అయ్యాక "నాన్నగారూ, ఇది నేను కాదు, మిషను. కూతలాంటి చప్పుడు వినపడ్డాక చెప్పండి" అని తెలుగులో చేర్చాను. అదేదో మంత్రమనుకున్నారు మా ఆఫీసువాళ్ళు. మళ్ళీ ఎప్పుడూ నేను ట్రూ కొట్టలేదు. ఒకసారి ఎవరిదో కాల్ పూర్తయ్యేదాకా ఇరవై నిమిషాలు కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఎవరని చూడలేదు. ఎవరో ఒకరి నాన్నగారు అనుకున్నాను.

ఇప్పుడా సదుపాయమే లేదు. ఎక్స్చేంజ్ 2019 నుంచి తీసేశారు. నాకు కమాండ్ మాత్రం ఇంకా నోటికొచ్చు.

నాన్నగారిప్పుడు వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తారు. తెర నిండా ఆయన నుదురే కనిపిస్తుంది. నేను ఎత్తగానే "నువ్వేనా, మిషనా?" అని నవ్వుతారు. ఆ మిషను సరిగా పనిచెయ్యక కాల్ తెగిపోయిందని ఈనాటికీ ఆయన నమ్మకం. అలా చెప్పింది నేనే. ఎత్తింది నేను కాదన్నది నిజమే. పెట్టేసింది మాత్రం నేనే.

ఈ పుస్తకం వచ్చాక ఒక కాపీ తెనాలి పంపుతాను. భూతద్దం పెట్టుకుని ప్రతి పేజీ చదువుతారాయన.