తిక్కన వెళ్ళిన కోట

కోవూరుకు దక్షిణాన పెన్నానది, నదికి అవతల నెల్లూరు. ఇది మీ అందరికీ తెలిసినదే. దాదాపు 770 ఏళ్ళ కిందట నెల్లూరును విక్రమసింహపురి అనేవారు. అక్కడ మనుమసిద్ధి రాజు. మహాభారతాన్ని తెలుగు చేసిన తిక్కన ఆయనకు మంత్రి. ఒకసారి అక్కన, బయ్యన అనే దాయాదులు మనుమసిద్ధిని గద్దె దించి రాజ్యం కాజేశారు. అప్పుడు తిక్కన ఉత్తరాదికి ప్రయాణమై ఓరుగల్లు చేరి, కాకతీయ చక్రవర్తి గణపతిదేవుణ్ణి సహాయం అడిగాడట. చక్రవర్తి సేనలతో వచ్చి మనుమసిద్ధిని మళ్ళీ గద్దె ఎక్కించాడట. ఈ కథ కాసె సర్వప్ప రాసిన ‘సిద్ధేశ్వర చరిత్ర’లో ఉన్నది.

ఇప్పుడు మీరు నెల్లూరులో రైలెక్కితే, బెజవాడ మీదుగా ఒక్క పగటిలో ఓరుగల్లు చేరవచ్చు. అదే ఈనాటి వరంగల్లు. కోట స్టేషనుకు దగ్గరలోనే ఉన్నది. పదండి, చూసి వద్దాం!

మన నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి కోటకు కొండే పెట్టనికోట. శత్రువు ఎక్కి రావాలంటే ఆయాసపడవలసిందే. మరి ఓరుగల్లు చాలావరకు మైదానం. అక్కడ కొండ చేసే పని ఏది చెయ్యాలి? నీరు! కోట చుట్టూ వెడల్పుగా, లోతుగా తవ్వి నీరు నింపుతారు. దాన్నే అగడ్త అనీ, కందకం అనీ అంటారు.

ఇందులో ఒక తమాషా ఉన్నది. అగడ్త తవ్వితే మట్టి వస్తుంది. ఆ మట్టిని పక్కనే పోసి గట్టిగా దిమ్మిస్తే గోడ అవుతుంది. ఒకే శ్రమతో రెండు రక్షణలు! అగడ్త ఉంటే శత్రువులు నిచ్చెన తెచ్చి గోడకు ఆనించలేరు. పోనీ, గోడ కిందికి సొరంగం తవ్వుదామన్నా నీరు ఊరి అందులోకి దిగుతుంది.

ఈ ఉపాయం ఒక్క మనవారికే తోచలేదు. 1271లో, ఇక్కడ రుద్రమదేవి పాలిస్తున్న రోజుల్లో, జర్మనీలో మ్యూన్‌స్టర్ బిషప్పు ఫిషెరింగ్ అనే కోట కట్టించాడు. అదీ మైదానమే, దాని చుట్టూ కూడా నీరే. ఈ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలు లేదు. అయినా ఒకే చిక్కుకు ఒకే విరుగుడు కనిపెట్టారు!

ఓరుగల్లులో ఒకదాని వెలుపల ఒకటిగా గుండ్రని గోడలున్నాయి. లోపలిది రాతికోట. ఈ చివరి నుంచి ఆ చివరికి దాదాపు 1.2 కిలోమీటర్లు. దాని చుట్టూ అగడ్త. దానికి వెలుపల 2.4 కిలోమీటర్ల మట్టికోట, దానికీ అగడ్త. ఇంకా దూరాన, సుమారు 12.5 కిలోమీటర్ల అడ్డుకొలత గల మరో మట్టికట్ట. రాతికోట గణపతిదేవుని కాలంలో లేచింది. ఆయన కూతురు రుద్రమదేవి దాన్ని ఇంకా ఎత్తు చేయించింది. గోడకు లోపలివైపు రాతిమెట్లు కట్టారు. శత్రువు ఏ దిక్కున వచ్చినా సైనికులు అక్కడికక్కడే పైకి ఎక్కవచ్చు. ద్వారాలలోకి తిన్నగా పోలేము, మలుపులు తిరగాలి. దూసుకువచ్చే ఏనుగుకైనా అక్కడ వేగం తగ్గవలసిందే.

1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ ఈ కోటను ముట్టడించాడు. అప్పుడు రాజు రుద్రమదేవి మనుమడు ప్రతాపరుద్రుడు. ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో ఈ యుద్ధం గురించి రాస్తూ, శత్రుపక్షం వాడై ఉండీ, మట్టిగోడను మెచ్చుకున్నాడు. యంత్రాలతో విసిరిన రాతిగుండ్లు దానికి తగిలి వెనక్కు ఎగిరిపడ్డాయట! చివరకు శత్రువులు అగడ్తలో ఒకచోట మట్టి పోసి పూడ్చి, దాని మీదుగా దాటి మట్టికోటను పట్టుకున్నారు. లోపలి అగడ్త, రాతికోట ఇంకా మిగిలే ఉన్నాయి. అయినా ప్రతాపరుద్రుడు ధనమూ, ఏనుగులూ, గుర్రాలూ ఇచ్చి సంధి చేసుకున్నాడు.

తరువాత ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ వచ్చాడు. మొదటిసారి కోటను పట్టుకోలేక తిరిగిపోయాడు. 1323లో మళ్ళీ వచ్చి నెలల తరబడి కోట చుట్టూ కూర్చున్నాడు. అగడ్త శత్రువును లోపలికి రానివ్వదు, నిజమే. కాని శత్రువు కదలకుండా కూర్చుంటే, లోపలివారిని బయటికీ పోనివ్వదు! ప్రతాపరుద్రుడు లొంగిపోక తప్పలేదు. ఆయనను ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మదాతీరాన మరణించాడని విలస శాసనం చెబుతున్నది. కాకతీయ రాజ్యం అంతటితో ముగిసింది.

ఇప్పుడు కోట లోపల ఇళ్ళూ, పొలాలూ ఉన్నాయి. నడుమ పడిపోయిన శివాలయపు రాళ్ళు, వాటికి నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు నిలిచి ఉన్నాయి. మీరు వెళ్ళినప్పుడు తోరణాలు మాత్రమే చూసి తిరిగి రాకండి. మట్టికట్ట ఎక్కి, అగడ్త ఎంత వెడల్పో కళ్ళారా చూడండి. ఎన్ని వేల తట్టల మట్టి మోశారో ఊహించండి.

ఆ అగడ్త దాటడానికి ఢిల్లీ సేన దాన్ని పూడ్చవలసి వచ్చింది. మన తిక్కన మాత్రం చేత కత్తి లేకుండా వెళ్ళి, మంచి మాటతో దాన్ని దాటాడు!