డిక్కీలో ఏముంది బాస్? కొత్తగూడ నుంచి ఊరెళ్లే కార్ల కథ

శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక కొత్తగూడ జంక్షన్ దగ్గర ఒక్క పది నిమిషాలు నిలబడి చూడండి. బొటానికల్ గార్డెన్ నుంచి కొండాపూర్ దాకా, ఫ్లైఓవర్ పైనా కార్లే, కిందా కార్లే. 2023 జనవరి 1న ఆ ఫ్లైఓవర్ ఓపెన్ చేసినప్పుడు ఇక హాయే అనుకున్నాం. మామూలు రోజుల్లో ఫర్వాలేదు కానీ శుక్రవారం మాత్రం దానికి కూడా ఊపిరాడదు. వెనక సీట్లో ట్రాలీ బ్యాగు, దాని మీద ఖాళీ స్టీలు డబ్బాలు ఉన్న కారు కనిపించిందంటే అది ఊరెళ్తున్నట్టే. డబ్బాలు ఖాళీగా వెళ్లి, ఆదివారం రాత్రికి సున్నుండలతో తిరిగొస్తాయి.

మా ఏరియా అంతే. ఖమ్మం, విజయవాడ, కరీంనగర్, కర్నూలు... సగం మంది పుట్టింది వేరేచోట. ఉద్యోగం వచ్చిన రెండో ఏడు ఈఎంఐ మీద కారు కొంటాం. ఆ కారుకి తెలిసినవి రెండే స్పీడ్లు. సైబర్ టవర్స్ వైపు వెళ్తే గంటకి 10, ఓఆర్ఆర్ ఎక్కితే 120. మధ్యలో ఏదైనా జరిగితే ఏం చేయాలో కారుకీ తెలీదు, మనకీ తెలీదు.

ఏదైనా జరగడం అంటే ఏంటో 2024 సెప్టెంబరు 1న చూశాం. ఆ ఆదివారం ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల్లో వాగులన్నీ ఒక్కసారిగా పొంగాయి. మరిపెడ దగ్గర ఆకేరు వాగు వంతెన మీద ఒక కారు కొట్టుకుపోయింది. అందులో ఉన్నది ఒక యువ వ్యవసాయ శాస్త్రవేత్త, ఆమె తండ్రి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకి బయలుదేరారు. ఇద్దరూ బతకలేదు. మాది అటువైపే కాబట్టి మా ఫ్యామిలీ గ్రూపులో రెండు రోజులు ఇదే చర్చ. "నీ కార్లో అద్దం పగలగొట్టేది ఏమన్నా ఉందారా?" అని నాన్న అడిగారు. కారు కొన్న మూడేళ్లలో మైలేజీ గురించి తప్ప ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న అది.

ఆ తర్వాతి వారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చిన్న సర్వే పెట్టాను. ఆదివారం పొద్దున కార్లు కడుగుతుంటారు కదా, నలుగురిని డిక్కీ తెరిచి చూపించమన్నాను. మొదటి దాంట్లో క్రికెట్ బ్యాట్, మూడు ఆఫీసు టీషర్టులు. రెండో దాంట్లో పిల్లాడి సైకిలు. మూడోది ఈ మధ్యే కొన్న కారు, దాంట్లో స్టెప్నీనే లేదు. టైర్లో గాలి తగ్గితే హెచ్చరించే సెన్సర్లు, పంక్చర్ కిట్టు ఉంటే స్టెప్నీ ఇవ్వకపోయినా ఫర్వాలేదని 2020లో రూల్ మార్చారు. పంక్చర్ కిట్టు ఎలా వాడతారు బ్రో అంటే, యూట్యూబ్ ఉందిగా అన్నాడు. సిగ్నల్ లేని చోట యూట్యూబ్ ఎలా వస్తుందో మాత్రం చెప్పలేదు. నాలుగోది మూడో ఫ్లోర్ అంకుల్‌ది. స్టెప్నీ ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోయింది.

జంక్షన్ పక్క సందులో పంక్చర్ షాపు అన్నకి ఇది చెబితే అస్సలు ఆశ్చర్యపోలేదు. "స్టెప్నీకి గాలి పెట్టమనేటోళ్లు నెలకొక్కరు గూడ రారు తమ్మీ. ఓఆర్ఆర్ మీద ఆగినంక మాత్రం అందరూ ఫోన్లు జేస్తరు." జాకీ ఎక్కడ ఆనించాలో, పానాతో నట్లు ఎలా వదులు చేయాలో పది నిమిషాల్లో చూపించాడు. కారు లేపకముందే నట్లు కొంచెం తిప్పాలట, లేపాక తిప్పితే చక్రమే తిరుగుతుంది. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ తాగాడు.

మిగతా సామాన్లన్నీ కొత్తగూడలోనే దొరికాయి, ఆన్‌లైన్ ఆర్డరు అక్కర్లేదు. మన చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక టవరు లేస్తూనే ఉంటుంది కదా, అందుకే సైటు కూలీలకి హెల్మెట్లు, మెరిసే జాకెట్లు అమ్మే షాపులు ఇక్కడ ఉన్నాయి. జాకెట్ 120 రూపాయలు. నన్నడిగితే అన్నిటికంటే ముందు కొనాల్సింది ఇదే. రాత్రి హైవే మీద కారు ఆగిపోతే ప్రమాదం కారు చెడిపోవడం వల్ల కాదు, వెనక నుంచి వచ్చే లారీకి మనం కనిపించకపోవడం వల్ల. కొత్త కారుతో పాటే ఎర్ర ట్రయాంగిల్ ఇస్తారు, చాలామంది దాని కవరు కూడా విప్పరు. దాన్ని బంపరు పక్కన పెడితే దండగ. హైవే మీదైతే కనీసం 50 మీటర్లు, వీలైతే 100 మీటర్లు వెనక్కి నడిచి పెట్టాలి. తర్వాత అందరూ కారు దిగి రెయిలింగ్ అవతలికి వెళ్లిపోవాలి. కార్లో కూర్చుని ఏసీ వేసుకుని ఎదురుచూడటం సుఖమే కానీ, అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు.

హార్డ్‌వేర్ షాపులో నైలాన్ తాడు, చేతి గ్లవ్స్, తలకి కట్టుకునే టార్చి తీసుకున్నాను. ఫోన్ లైటు ఉంది కదా అనొచ్చు. పానా తిప్పడానికి రెండు చేతులూ కావాలి, ఫోన్ నోట్లో పెట్టుకోలేం. గొడుగు బదులు రెయిన్‌కోటు కొన్నదీ అందుకే. బ్యాటరీ డౌన్ అయితే వాడే జంపర్ కేబుల్ మాత్రం చవకది కొనొద్దని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. సన్న వైరైతే వేడెక్కుతుంది.

ఇక నాన్న అడిగిన అద్దం సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ చదివాను. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ అతికించిన లామినేటెడ్ గ్లాసు. ఎంత కొట్టినా బీటలు వారుతుంది తప్ప విడిపోదు. పక్క అద్దాలు ఎక్కువ కార్లలో టెంపర్డ్, మూల దగ్గర గట్టి మొనతో ఒక్కటి కొడితే పొడిపొడిగా రాలిపోతాయి. కొన్ని కొత్త కార్లలో పక్కవి కూడా లామినేటెడే వస్తున్నాయి. మీది ఏదో అద్దం మూలన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఇప్పుడే వెళ్లి చూడండి. సుత్తిలాంటి గ్లాస్ బ్రేకర్ కంటే స్ప్రింగ్‌ది మేలు, నీళ్లలో చెయ్యి ఊపి కొట్టలేం కాబట్టి. సీటు బెల్టు కోసే బ్లేడు కూడా దానికే ఉంటుంది. దీన్ని డిక్కీలో పెట్టేవాళ్లున్నారు. మునిగే కార్లో డిక్కీ దాకా ఎవరెళ్తారు? డ్రైవర్ చేతికి అందేచోట ఉండాలి. 2013 అక్టోబరులో పాలెం దగ్గర బెంగళూరు నుంచి వస్తున్న బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర మళ్లీ అలాంటిదే, అక్కడ బయటపడ్డవాళ్లలో కొందరు అద్దాలు పగలగొట్టుకునే దూకారు. అందుకే నా బ్రేకర్ బస్సెక్కినా నా బ్యాగులోనే ఉంటుంది.

అయితే ఆకేరు లాంటి చోట బ్రేకర్ ఆఖరి మాట మాత్రమే. అడుగెత్తు నీళ్లు పారుతుంటే చాలు, చిన్న కారు తేలడం మొదలవుతుంది. రెండడుగులైతే ఎస్‌యూవీని కూడా లాక్కుపోతుంది. చీకట్లో, వంతెన మీద, ఎన్ని అడుగులున్నాయో కార్లోంచి ఎవరూ చెప్పలేరు. వెనక్కి తిప్పడమే. అప్పటికే నీళ్లలో చిక్కుకుంటే బెల్టు తీసి, నీళ్లు అద్దం దాకా రాకముందే అద్దం దించి, కిటికీలోంచి బయటికి. తలుపు తీద్దామని చూస్తే బయటి నీళ్ల ఒత్తిడికి అది రాదు. ఆగిపోయిన ఇంజిన్‌ని మళ్లీ స్టార్ట్ చేయొద్దు, లోపలికి నీళ్లు పోయి ఇంజిన్ దెబ్బతింటుంది, మామూలు ఇన్సూరెన్స్ చాలాసార్లు దానికి పైసా ఇవ్వదు. ఇది ఊరి వాగులకే కాదు, మన లింగంపల్లి రైల్వే అండర్‌పాస్‌కీ వర్తిస్తుంది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడిన రాత్రి సిటీ కాలనీల్లోనే కార్లు తేలాయి. మా వాచ్‌మన్ అన్న ఇప్పటికీ వాన మొదలైతే అర్ధరాత్రైనా ఫోన్ చేస్తాడు: "సార్, సెల్లార్ల నీళ్లొస్తున్నయ్, బండి తీయుండ్రి."

తిండి సంగతి త్వరగా చెప్పేస్తా. 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరులోనూ నందిగామ దగ్గర ఐతవరంలో మున్నేరు నీళ్లు విజయవాడ హైవే మీదికొచ్చి బండ్లు ఆగిపోయాయి. సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర క్యూ సరేసరి. అలాంటప్పుడు నీళ్లు, బిస్కెట్లు, వేరుశనగ చిక్కీ, ఓఆర్ఎస్, పెద్దవాళ్ల బీపీ మాత్రలు రెండు రోజులకి సరిపడా ఉండాలి. ఒక దుప్పటి కూడా. దారిలో చాటు దొరకనప్పుడు ఆడవాళ్లకి అది ఎన్ని రకాలుగా పనికొస్తుందో మా అక్క చెప్పాకే నాకు తెలిసింది. చిల్లర నోట్లు 500 రూపాయలు. నెట్ లేకపోతే యూపీఐ లేదు. ముఖ్యమైన నంబర్లు ఒక కాగితం మీద: ఇంటివి, తర్వాత 112, 108, నేషనల్ హైవే మీదైతే 1033. పవర్ బ్యాంకు, లైటరు, డియోడరెంట్ మాత్రం ఎండాకాలం కార్లో వదలొద్దు. మే నెలలో ఆఫీసు బయట ఎండలో నిలబెట్టిన కారు లోపల పొయ్యే.

మొత్తం ఒక కూరగాయల సంచిలో పట్టింది. జూన్ మొదట్లో ఒకసారి, సంక్రాంతికి వారం ముందు ఒకసారి తీసి చూస్తాను. ఓఆర్ఎస్ డేటు, టార్చి సెల్లు, స్టెప్నీ గాలి. మొన్న మూడో ఫ్లోర్ అంకుల్ సెల్లార్‌లో ఆపి, స్టెప్నీకి గాలి పెట్టించానని చెప్పారు. జాకెట్ ఏ షాపులో కొన్నానో అడిగి, నాలుగు తెమ్మన్నారు. ఒకటి మా వాచ్‌మన్ అన్నకట.