పేరులో లేని పండు

మా అమ్మాయి బి.ఎస్సీ. పూర్తిచేసి, కనౌజు వెళ్ళి అత్తరుల విద్య నేర్చుకుంటానంది. అక్కడ కేంద్ర ప్రభుత్వపు సంస్థ ఒకటి ఉన్నదట. నేను నవ్వేశాను. ఒక్కగానొక్క పిల్ల, అంత దూరమా?

అది మారు మాట్లాడలేదు. చిన్న సీసా ఒకటి తెచ్చి, కాగితపు ముక్క కొస ముంచి నా ముక్కు దగ్గర పెట్టింది. బాగా మాగిన పీచ్ పండు, దానిమీద కాస్త మీగడ! ఎన్నడో సిమ్లాలో తిన్న పండు జ్ఞాపకం వచ్చింది.

"ఏమిటే ఇది?"

"ఆల్డిహైడ్ సి-14 అంటారు నాన్నగారూ. నిజానికిది ఆల్డిహైడూ కాదు, ఇందులో కర్బన పరమాణువులు 14 లేవు, 11 మాత్రమే. అసలు పేరు గామా అన్‌డెకాలాక్టోన్."

తెలుగు మేష్టరుకు సందు దొరికింది. "పేరు గొప్ప, ఊరు దిబ్బ! పేరూ అబద్ధమే, పండూ అబద్ధమే. ఇది నేర్చుకోవడానికా అంత దూరం?"

"పీచ్ పండును బట్టీ పెడితే అత్తరు దిగదండీ. అందుకే ఆ వాసనను ప్రయోగశాలలో కట్టారు. 1919లో పారిస్‌లో జాక్ గెర్లాన్ 'మిత్సుకో' చేసినప్పుడు వాడింది ఇదే. అయినా, మీరు పాఠం చెప్పే ప్రబంధాల్లో పువ్వులెక్కడున్నాయి? వాసన మాత్రం వస్తూనే ఉందిగా!"

వంటింట్లోంచి వాళ్ళమ్మ ఫక్కున నవ్వింది. నాకు జవాబు తోచలేదు.

ఆ రాత్రి మర్నాటి పాఠానికని శృంగారనైషధం తీశాను. కనౌజంటే మన కావ్యాల కన్యాకుబ్జమే కదా! శ్రీహర్షుడు ఆ రాజు ఆదరం పొందినవాడే. ఆయన కావ్యాన్ని శ్రీనాథుడు తెలుగు చేస్తే ఇన్ని వందల ఏళ్ళుగా మనం చదువుకుంటున్నాం. కావ్యం అక్కడినుంచి ఇక్కడికి రావడానికి దూరం అడ్డు కాలేదు. ఇక్కడినుంచి నా కూతురు అక్కడికి వెళ్ళడానికే అడ్డమయింది! దూరం ఊళ్ళ మధ్య లేదు, నా భయంలో ఉంది. తెల్లవారి లేచి దరఖాస్తు మీద సంతకం చేశాను.

అమ్మాయిని రైలెక్కించి వచ్చి నాలుగు రోజులయింది. ఇల్లు బోసిపోయింది. ఇవాళ పాఠానికి పుస్తకం తెరిస్తే, గుర్తుగా పెట్టిన కాగితపు ముక్క ఒకటి జారిపడింది. వెళ్ళేముందు ఎప్పుడు పెట్టిందో!

వాళ్ళమ్మను పిలిచాను. ఇద్దరం చెరొకసారి వాసన చూశాం. లేని పండు ఘుమఘుమలాడుతూనే ఉన్నది.