ఆకాశమూ మా కాగితపు జట్టూ

క్రికెట్ ఆడలేనివారు కూడా క్రికెట్ జట్టును ఎన్నుకోగలరు. ఈ సత్యాన్ని మేమే మొదట కనుగొన్నామని చెప్పుకోలేము గాని, మా వసతిగృహంలో దానిని మా అంత శ్రద్ధగా ఆచరించినవారు తక్కువ. ఆడబోయే రెండు జట్లలో నుండి పదకొండు మందిని ఏరి, ఒకనిని నాయకునిగా, ఒకనిని ఉపనాయకునిగా నిలిపి, మైదానంలో వారు చేసిన పరుగులకూ తీసిన వికెట్లకూ కాగితంపై పాయింట్లు వేసుకోవటమే ఫాంటసీ క్రికెట్. నాయకుని పాయింట్లు రెట్టింపు. ఉపనాయకునివి ఒకటిన్నర రెట్లు.

కళాశాల కమిటీ పెద్దలు కనుబొమలు ముడువక మునుపే మనవి చేస్తున్నాము: ఇందులో సొమ్ము లేదు. సొమ్ము పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రంలో 2017లోనే నిషేధించారు; 2025లో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. మాది ఒక లావుపాటి నోటుపుస్తకం మాత్రమే. పరుగుకు 1 పాయింటు, వికెట్టుకు 25. ఐ.పి.ఎల్. ముగిసేనాటికి ప్రథముడైనవానికి మిగిలిన ఏడుగురమూ ఇరానీ చాయి, ఉస్మానియా బిస్కట్లు ఇప్పించాలి. పుస్తకం మా పెట్టెలో ఉండేది. లెక్క వేసేది కూడా మేమే.

ఆటగాళ్ళ బలాబలాలు అందరికీ తెలిసినవే. కనుక మాలో ఒకరిని మరొకరు మించాలంటే మిగిలిన దారి ఆకాశం. మధ్యాహ్నం నుండే మేడపైకెక్కి ఉప్పల్ దిక్కుకు చూచేవాళ్ళం. మబ్బు ఉంటే వేగంగా బంతి వేసేవారిని తీసుకోవాలి. ఎండ కాసి నేల పొడిబారితే స్పిన్నర్లను. రాత్రి మంచు కురిసేటట్లుంటే రెండవసారి బ్యాటు పట్టే జట్టువారిని. మంచుకు తడిసిన బంతి స్పిన్నరు వ్రేళ్ళకు చిక్కదు, బ్యాటుపైకి జారుతూ వస్తుంది. ఇది వ్యాఖ్యాతలు నేర్పిన పాఠం.

మబ్బు పాఠం మాత్రం మాకు బాల్యంలోనే అబ్బింది. 2019 జూలై 9న మాంచెస్టరులో ప్రపంచకప్పు సెమీఫైనలు. న్యూజిలాండు 46.1 ఓవర్లలో 211 పరుగుల వద్ద ఉండగా వాన పడి, ఆట మరునాటికి వాయిదా పడింది. పదవ తేదీన వారు 239తో ముగించారు. ఆపైన రోహిత్, రాహుల్, కోహ్లి ముగ్గురూ ఒక్కొక్క పరుగుకే వెనుదిరిగారు. జడేజా 77, ధోని 50 చేసినా మనవారు 18 పరుగుల తేడాతో ఓడిపోయారు. ఆ రాత్రి అన్నం ముట్టని లక్షలాది పిల్లలలో మేమూ ఒకరము. మబ్బు కమ్మిన గాలిలోని తేమయే బంతిని వంకర తిప్పుతుందని నాడు గట్టిగా నమ్మాము. తేమ ఒక్కటే స్వింగును పెంచుతుందని ప్రయోగాలలో రుజువు కాలేదనీ, తేమగాలి పొడిగాలికంటె తేలికయనీ తరువాత మా భౌతికశాస్త్ర అధ్యాపకుల వద్ద విన్నాము. విన్నామే గాని జట్టు వ్రాసేటప్పుడు ఎన్నడూ పాటించలేదు.

ఇక అసలు సంగతి. 2024 మే 16న ఉప్పల్‌లో సన్‌రైజర్స్, గుజరాత్ జట్లు తలపడవలసి ఉండగా ఒక్క బంతి కూడా పడకుండానే వర్షం ఆటను మ్రింగివేసింది. చెరొక పాయింటు పంచుకోగా, దానితోనే సన్‌రైజర్స్ ప్లేఆఫ్స్‌కు చేరింది. వసతిగృహంలో పండుగ. మేము ఎనిమిది జట్లనూ కొట్టివేసి, పుస్తకం అట్ట లోపల ఒక నియమం వ్రాశాము: "ఆట రద్దయిన యెడల ఎవరికిని పాయింట్లు లేవు." అందరూ సంతకాలు చేశారు.

మరుసటి ఏడు మే 5న అదే ఉప్పల్‌లో ఢిల్లీతో ఆట. సాయంత్రానికే ఆకాశం బూడిదవన్నెకు తిరిగింది. మాకు మాత్రం రాత్రి మంచు ఒక్కటే తోచింది. సన్‌రైజర్స్ ఆరంభ బ్యాట్స్‌మన్‌ను నాయకునిగా వ్రాసుకున్నాము. మా గదిలోనే ఉండే నారాయణపేట మిత్రుడు మా కాగితం చూచి నవ్వాడు.

"అరే భాయ్, మబ్బు పట్టిన రాత్రి మంచు యాడ పడ్తది? మా అబ్బా చేన్ల పండుకుంటడు. చుక్కలు కనపడ్తేనే పొద్దుగాల్ల గడ్డి తడుస్తది."

అది పరమ సత్యం. నేల తన వేడిని ఆకాశానికి వదలి చల్లబడినప్పుడే మంచుబిందువులు ఏర్పడతాయి; మబ్బు దుప్పటివలె కప్పి ఆ వేడిని పోనివ్వదు. ఇంటర్మీడియట్‌లో చదివి మార్కులు తెచ్చుకున్న విషయమే. చేనిలో పడుకున్నవాని కుమారునికి జ్ఞాపకమున్నది, మాకు లేకపోయింది. అతడు కమిన్స్‌ను నాయకునిగా వ్రాశాడు.

సన్‌రైజర్స్ టాస్ గెలిచి బౌలింగు ఎన్నుకుంది. కమిన్స్ తొలి బంతికే వికెట్టు తీశాడు. 29 పరుగులకే ఢిల్లీ 5 వికెట్లు కోల్పోయింది; 20 ఓవర్లలో 133 చేయగలిగింది. కమిన్స్‌కు 19 పరుగులకు 3 వికెట్లు, అనగా మా మిత్రునికి ఒక్క నాయకుని ద్వారానే 150. ఇన్నింగ్స్ విరామంలో వర్షం దిగింది. మైదానం చెరువయింది. మా నాయకుడు బ్యాటు పట్టనే లేదు. ఫలితం తేలాలంటే రెండవ జట్టు కనీసం 5 ఓవర్లు ఆడాలి. అదీ సాధ్యపడక ఆట రద్దయింది. ముందటి ఏడు ప్లేఆఫ్స్‌లో చేర్చిన వానయే ఆ ఏడు సన్‌రైజర్స్‌ను పోటీ నుండి తప్పించింది.

అంతవరకు పట్టికలో ప్రథములము మేము. ఆ రాత్రి లెక్క వేస్తే అతడు మమ్ములను దాటిపోతాడు. మేము అట్ట తెరచి నియమం చదివాము. ఆ పేజీపై అడ్డగీత గీశాము.

అతడు అరవలేదు. "బోర్డు రికార్డుల కమిన్స్ మూడు వికెట్లు ఉంటయి. మన కితాబ్‌ల ఎందుకుండయ్?" అన్నాడు. నిజమే, ఫలితం తేలని ఆటలో తీసిన వికెట్లు కూడా ఆటగాని లెక్కలో చేరతాయి. మేము సంతకం చూపాము. ఒక్క బంతి పడని రోజును తలచుకొని వ్రాసిన మాట అది. ఇరవై ఓవర్ల ఆటకు దానిని తగిలించటం ఎవరికి లాభమో గదిలో అందరికీ తెలుసు. "కితాబ్ నీ తాన ఉంది భాయ్, అంపైర్వు నువ్వే" అని అతడు పక్క దులుపుకొని పడుకున్నాడు.

ఆ ఏడు చాయి మేమే త్రాగాము. ఏడుగురు ఇప్పించవలసి ఉండగా ఆరుగురే వచ్చారు. పరీక్షలు ముగిసి అతడు ఊరికి వెళ్ళాడు. తరువాత వేరే గది తీసుకున్నాడు. ఎదురైతే సలాం చెప్పి కుశలం అడుగుతాడు. ఆకాశం మాట మాత్రం ఎత్తడు.

మొన్న పెట్టె సర్దుతుండగా పుస్తకం బయటపడింది. అడ్డగీత క్రింద అక్షరాలు ఇంకా చదవ వీలుగానే ఉన్నాయి. ఎర్ర సిరాతో ఆనాటి పాయింట్లు తిరిగి వేశాము. రెండుసార్లు కూడాము. 2025వ సంవత్సరానికి ప్రథమస్థానం అతనిదే. ఏడు చాయిల బాకీలో మా వంతు ఒకటి, మేము అన్యాయంగా త్రాగినవి ఆరు. ఈ సంచిక వెలువడిన సాయంత్రం, వాన ఉన్నా లేకున్నా, గేటు ఎదుటి హోటలులో ఆ పుస్తకంతో కూర్చుని ఉంటాము.