రూపమూ, నడకా

నిర్మాణమే ధర్మాలకు మూలమని రసాయన శాస్త్రం చదివిన వారందరికీ తెలుసు. వజ్రమూ, గ్రాఫైటూ ఒకే కర్బనం. అమరిక వేరు కనుక గుణం వేరు. ఈ సూత్రం మీద నాకు అపారమైన మమకారం. దాన్ని నిలదీసే పదార్థమేదైనా ఉంటే అది అతిశీతల ద్రవమే.

గడ్డకట్టవలసిన ఉష్ణోగ్రత దాటినా ద్రవంగానే మిగిలిపోయేది అతిశీతల ద్రవం. గ్లిసరిన్ సుమారు 18 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకట్టాలి, కానీ సాధారణంగా కట్టదు. ఇంకా చల్లబరిస్తే చిక్కబడి, చిక్కబడి, సున్నాకు దిగువన 80 డిగ్రీలు దాటాక గాజుగా మారుతుంది. పాకం చక్కగా కుదిరిన వేరుశెనగ అచ్చు ఫెళ్ళున విరగడంలోనూ ఉన్నది ఈ గాజుతనమే.

వింత ఏమిటంటే, ఈ ప్రయాణంలో అణువుల అమరికను ఎక్స్-కిరణాలతో పరిశీలిస్తే పెద్ద మార్పేమీ కనిపించదు. కదలిక మాత్రం లక్ష కోట్ల రెట్లకు పైగా మందగిస్తుంది. రూపం దాదాపు అదే, నడక మాత్రం వేరు. మరి మూలం ఎక్కడ?

1952లో చార్లెస్ ఫ్రాంక్ ఒక ఊహ చేశారు. ఒక పరమాణువు చుట్టూ పన్నెండు పరమాణువులు వింశతిముఖి ఆకారంలో చేరితే ఆ గుంపు స్థిరంగా ఉంటుంది. కానీ అటువంటి గుంపులతో స్ఫటికాన్ని పేర్చలేము. సుందరమైన ఊహే, కానీ అన్ని ద్రవాలకూ అన్వయించదు.

2004లో విడ్మర్-కూపర్, హారోవెల్ కంప్యూటరులో మరో దారి పట్టారు. కణాలన్నిటినీ ఒకే అమరికలో నిలిపి, ప్రతిసారీ వేర్వేరు వేగాలిచ్చి, అనేకమార్లు పరుగెత్తించారు. సగటు తీసి చూస్తే కొన్ని ప్రాంతాలు చురుకు, కొన్ని మందకొడి. తొలి వేగాలు మారినా మిగిలిన ఈ తేడా అమరిక నుంచే రావాలి. అంటే కదలిక జాడ నిర్మాణంలో ఉన్నట్టే! అయితే దాన్ని చదివే లిపి తెలియదు. కణం పక్కనున్న ఖాళీ, స్థానిక శక్తి వంటి తేలిక కొలతలు చాలలేదు.

2020లో డీప్‌మైండ్ పరిశోధకులు శిక్షణనిచ్చిన నాడీజాలం తొలి అమరికను మాత్రమే చూసి, ఏ కణాలు ఎక్కువగా కదులుతాయో మునుపటి పద్ధతుల కన్నా మెరుగ్గా చెప్పింది. నాకు సంతోషమూ, అసంతృప్తీ ఒకేసారి కలిగాయి. జవాబు చెప్పగలగడమూ, ఎందుకో తెలియడమూ ఒకటేనా? యంత్రం చదివిన ఆ లిపిని మనిషి భాషలో ఒక్క వాక్యంగా చెప్పగలిగే రోజు కోసం ఎదురుచూస్తున్నాను. అంతవరకూ నా పాత సూత్రాన్ని వదులుకోను. నిర్మాణమంటే కంటికి ఆనేదే కాదని మాత్రం దానికి చేర్చుకుంటాను.