అమ్మ సూట్‌కేసులో మందులు

నిరుడు అమ్మ మా దగ్గరికి వచ్చిన రెండో వారంలోనే జ్వరంతో ఆస్పత్రిలో చేరింది. "ఈ ఏడాదిలో వేరే దేశంలో ఆస్పత్రిలో ఉన్నారా?" అని అడిగింది నర్సు. విజయవాడలో తుంటి ఆపరేషన్ అయిందని చెప్పాను. అంతే, అమ్మను విడి గదిలోకి మార్చారు. గౌను, గ్లోవ్స్ లేకుండా ఎవరూ లోపలికి రాలేదు. "వీళ్లకేమిటే ఇంత మడి?" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ ఒళ్లు మండింది.

అప్పుడు డాక్టరమ్మ కూర్చోబెట్టి 2016 నాటి సంగతి చెప్పింది. నెవాడాకు చెందిన డెబ్బై దాటిన ఒకావిడ ఇండియాలో తొడ ఎముక విరిగి, పలుమార్లు ఆస్పత్రిలో ఉండి తిరిగొచ్చారు. ఆమెకు సోకిన క్లెబ్సియెల్లా బాక్టీరియా మీద అమెరికాలో దొరికే 26 యాంటీబయాటిక్స్‌లో ఒక్కటీ పనిచేయలేదు. సెప్టెంబరులో చనిపోయారు. విడి గదిలో ఉంచి జాగ్రత్తపడ్డారు కనుక పక్క రోగులెవరికీ అది అంటలేదు.

నా కోపం చల్లారింది. మూడో రోజు అమ్మ పరీక్షలో అలాంటి బాక్టీరియా లేదని తేలింది.

ఇంటికొచ్చాక సూట్‌కేసు తెరిస్తే ఆవకాయ పక్కనే నాలుగు అజిత్రోమైసిన్ స్ట్రిప్పులు. తెమ్మన్నది నేనే! పిల్లల జలుబుకని. జలుబు వైరస్‌తో వస్తుంది, దానికి ఆ మందు పనిచేయదు. అనవసరంగా వేసిన ప్రతిసారీ ఒంట్లోని బలహీనమైన బాక్టీరియా చచ్చి, మొండివి మిగులుతాయి.

ఇప్పుడు అమ్మానాన్నల్ని పిలిపించుకునే స్నేహితులకు ఒకటే చెబుతున్నాను: మాత్రలు వద్దు, డిశ్చార్జి కాగితాలు తెమ్మనండి.