రహీం సాబ్‌ని ఏ తరాజులో తూచాలి?

ఫుట్‌బాల్‌లో అందరికంటే గొప్ప కోచ్ ఎవరు? మా నాగర్‌కర్నూల్‌లో చాయ్ హోటల్ దగ్గర కుర్రాళ్లు ఈ బహస్ మొదలుపెడితే ఇషా అజాన్ దాకా తెగదు. ఒకడు సర్ అలెక్స్ ఫెర్గూసన్ అంటాడు. 1986 నుంచి 2013 దాకా మాంచెస్టర్ యునైటెడ్‌లో ఒకే కుర్చీ, 13 లీగ్ టైటిళ్లు. ఇంకొకడు ఆన్చెలోట్టి అంటాడు. చాంపియన్స్ లీగ్ కప్పు కోచ్‌గా ఐదుసార్లు ఎత్తిన మనిషి మరొకరు లేరు. మూడోవాడు గ్వార్డియోలా పేరు చెప్పి, బాల్‌ని పాస్‌లతో ఎట్లా తిప్పుతారో చాయ్ గ్లాసులు జరిపి చూపిస్తాడు. మన పిల్లలకు ఇవన్నీ జబానీ యాద్. మాషా అల్లాహ్.

నేను మాత్రం ఒక స్కూల్ మాస్టర్ పేరు చెప్తాను. సయ్యద్ అబ్దుల్ రహీం, మన హైదరాబాద్ రహీం సాబ్.

గద్వాలలో మా ఆపా కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. పోయిన రంజాన్‌లో ఇఫ్తార్ అయ్యాక నా మాట విని నవ్వాడు. "మామూ, మన కౌమ్ వాడని మీరు తరఫ్‌దారీ చేస్తున్నారు" అన్నాడు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా వాడు ఫోన్‌లో చూశాడు. "సినిమాలో అట్లనే గొప్పగా చూపిస్తారు మామూ. అంత పెద్ద ఉస్తాద్ అయితే ఆయన పోయినాక మన ఫుట్‌బాల్ ఎందుకు పడిపోయింది?" అని అడిగాడు.

సవాల్ చాలా సరైనది. పేరు చూసి మురిసిపోవడం ఇన్సాఫ్ కాదు. కాబట్టి రహీం సాబ్‌ని కూడా అందరినీ తూచే తరాజులోనే పెడదాం.

మొదటి తూకం, గెలుపులు. ఆయన 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, బడుల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ని తయారు చేశారు. ఆ టీమ్ 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్‌ని వరుసగా ఐదేళ్లు గెలిచింది. దేశం టీమ్‌కి ఆయన కోచ్‌గా ఉండగా 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్‌ని 1-0తో ఓడించి బంగారు పతకం వచ్చింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి మనవాళ్లు సెమీఫైనల్ చేరారు. నెవిల్ డిసౌజా ఆ మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టాడు. చివరికి నాలుగో స్థానం దక్కింది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మళ్లీ బంగారం. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు ఇంకో బంగారు పతకం రాలేదు.

భాంజా ఒప్పుకోలేదు. "యూరప్ కప్పుల ముందు ఇవెంత మామూ?" అన్నాడు.

అందుకే రెండో తూకం కావాలి. ఏ సామానుతో ఏం కట్టాడు? ఇంగ్లండ్‌లో బ్రయన్ క్లఫ్ అని ఒక కోచ్ ఉండేవాడు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ అనే మామూలు టీమ్‌ని 1977లో కింది డివిజన్ నుంచి పైకి తెచ్చి, 1978లో లీగ్, 1979లో, 1980లో యూరోపియన్ కప్ గెలిపించాడు. ఫెర్గూసన్ కంటే కప్పులు తక్కువే. కానీ గొప్పవాళ్లను లెక్కబెట్టేటప్పుడు ఆయన పేరు వదిలేసేవాడు ఉండడు. ఎందుకంటే ఆయన ఎక్కడ మొదలుపెట్టాడో అందరూ చూశారు.

మరి రహీం సాబ్ ఎక్కడ మొదలుపెట్టారు? 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో ఓడించింది. మన ఆటగాళ్లు చాలామంది ఒట్టికాళ్లతో ఆడారు. అదే మనిషి కోచ్, అదే దేశం టీమ్. నాలుగేళ్లు తిరిగేసరికి అదే యుగోస్లావియాతో మెల్‌బోర్న్ సెమీఫైనల్‌లో మొదటి గోల్ మనవాళ్లదే. 4-1తో ఓడిపోయాం, నిజం. కానీ 10-1 నుంచి అక్కడికి రావడానికి పట్టింది నాలుగేళ్లే. డబ్బుతో కొన్న ఆటగాడు ఒక్కడూ లేడు. ఆయన చేతిలో ఉన్నవాళ్లు పోలీసు కొలువుల్లో ఉన్న పిల్లలు, అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం లాంటి గరీబ్ ఇళ్ల పిల్లలు.

ఆయన చేసిన పని వింటే ఎవరికైనా మాస్టర్ గుర్తొస్తాడు. హైదరాబాద్‌లో పిల్లలకు వింత టోర్నమెంట్లు పెట్టించేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ మనా. బాల్ కాలికి తగిలిందా, వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాడు ఎడమకాలితో కొట్టాల్సిందే. దీనికి ఖర్చు పైసా లేదు, హునర్ మాత్రం పదింతలు. బాల్ తన దగ్గరే పెట్టుకోవాలనే ఆశ పిల్లవాడికి పోతుంది. తలెత్తి తోటివాణ్ణి చూడటం వస్తుంది. మన పెద్దలు తాలీమ్, తర్బియత్ అని రెండు మాటలు వేరువేరుగా ఎందుకు పెట్టారో నాకు ఇక్కడ బాగా అర్థమైంది. బాల్ కొట్టడం తాలీమ్. బాల్ వదిలేయడం తర్బియత్.

మూడో తూకం, ముష్కిల్ వచ్చిన రోజు మనిషి ఎట్లా నిలబడ్డాడు? జకార్తా సంగతి చూడండి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్ మీద గెలిచారు కానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆటలకు రానివ్వలేదన్న గొడవలో ఒక భారత అధికారి మాట్లాడిన మాటలకు అక్కడి జనం మన జట్ల మీద కోపంగా ఉన్నారు. మనవాళ్లు మైదానంలోకి వస్తే లక్షమంది హూటింగ్. అన్నిటికంటే పెద్ద సంగతి, రహీం సాబ్ ఊపిరితిత్తుల్లో క్యాన్సర్.

ఆ హాల్‌లో ఆయన తీసుకున్న ఫైసలా చూడండి. తలకు కుట్లున్న డిఫెండర్‌ని వెనక పెడితే హెడ్డింగ్ చేయాల్సి వచ్చి గాయం రేగుతుంది. బయట కూర్చోబెడితే టీమ్ హిమ్మత్ పోతుంది. అందుకని అతణ్ణి తీసుకెళ్లి ముందువరుసలో నిలబెట్టారు! సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచారు. 1962 సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ అదే దక్షిణ కొరియా. మొదటి గోల్ పి.కె. బెనర్జీ, రెండో గోల్ ఆ కుట్లు పడ్డ జర్నైల్ సింగ్. 2-1. జనమంతా మనకు ఖిలాఫ్‌గా అరుస్తుంటే, స్టాండ్స్‌లో పాకిస్తాన్ హాకీ టీమ్ మాత్రం మనవాళ్ల కోసం చప్పట్లు కొట్టిందని అప్పటి ఆటగాళ్లు చెప్పుకునేవారు. ఫైనల్‌కి ముందు రహీం సాబ్ తన షాగిర్దుల్ని అడిగింది ఒక్కటే తోఫా, బంగారు పతకం. 1963 జూన్ 11న ఆయన ఇంతెకాల్ అయ్యారు. అల్లాహ్ ఆయన మగ్ఫిరత్ చేయుగాక.

ఇప్పుడు భాంజా సవాల్‌కి వద్దాం. ఆయన పోయాక ఎందుకు పడిపోయింది?

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. హైదరాబాద్ అసోసియేషన్ సెక్రటరీ ఆయనే, సిటీ పోలీస్ కోచ్ ఆయనే, దేశం టీమ్ కోచ్ ఆయనే. ఒక మనిషి పోతే మూడు కుర్చీలు ఒకేసారి ఖాళీ అయ్యాయి. మంచి ఆటగాళ్లు అంతకుముందే కలకత్తా బాట పట్టారు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు. ఫెర్గూసన్ వెళ్లాక మాంచెస్టర్ కూడా మళ్లీ లీగ్ గెలవలేదు కదా! ఉస్తాద్ పోయాక ఇల్లు కూలితే ఉస్తాద్ చిన్నవాడైపోడు. ఇల్లు నిలబెట్టాల్సిన జిమ్మేదారీ వెనక ఉన్నవాళ్లది. 1970 ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన టీమ్ కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీనే. పి.కె. బెనర్జీ తర్వాత దేశంలో పెద్ద కోచ్ అయ్యాడు. చెట్టు పోయినా విత్తనాలు కొన్నాళ్లు మొలిచాయి. నీళ్లు పోసేవాళ్లే తగ్గిపోయారు. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు పుట్టింది 1985లో. అప్పటికి రహీం సాబ్ పోయి 22 ఏళ్లు.

వనపర్తిలో నా ససురాల్. మా బావమరిది అక్కడ ఒక బడిలో పీఈటీ. ముప్పై మంది పిల్లలకు ఒక్క బాల్. ఈ వింత టోర్నమెంట్ల సంగతి చెబితే మర్నాడే ఎడమకాలి మ్యాచ్ పెట్టాడు. బాల్ అందరికంటే ఎక్కువసేపు తన దగ్గరే ఉంచుకునే పిల్లవాడు ఆరోజు అసలు ఆడలేకపోయాడట. ఎప్పుడూ గోడ దగ్గర నిలబడే ఎడమచేతివాటం పిల్లవాడు రెండు గోల్స్ కొట్టాడట. ఫోన్‌లో ఆ మాట చెబుతుంటే బావమరిది గొంతులో ఖుషీ నాకు వినిపించింది.

గద్వాలలో మాత్రం మసలా ఇంకా నడుస్తోంది. దూల్హే భాయ్‌కి ఇంటర్ మార్కుల ఫికర్. "బాల్ తన్నితే రోజీ దొరుకుతుందా భాయ్?" అని నన్నే అడిగారు. ఆ మాటని కొట్టిపారేయలేను. రహీం సాబ్ కాలంలో పోలీసు కొలువు ఉండేది, అందుకే గరీబ్ ఇంటి తల్లిదండ్రులు ధైర్యంగా పిల్లల్ని పంపారు. ఇప్పుడు ఆ భరోసా తక్కువ. నేను ఒకటే చెప్పాను. "దూల్హే భాయ్, రహీం సాబ్ ముందు డిగ్రీ చదివారు, బడిలో పాఠం చెప్పారు, తర్వాతే కోచ్ అయ్యారు. కితాబ్‌కీ మైదాన్‌కీ దుష్మనీ లేదు." ఆపా మధ్యలో అందుకుని, అసర్ నుంచి మగ్రిబ్ దాకా మైదాన్, మగ్రిబ్ తర్వాత కితాబ్ అని తీర్మానం చేసింది. ఇద్దరూ ఒప్పుకున్నారు, పరీక్షలయ్యేదాకా మాత్రమే.

భాంజా ఇంకా ఫెర్గూసన్ వైపే ఉన్నాడు. ఉండనివ్వండి. కానీ పోయిన జుమా రోజు ఫోన్ చేసి అడిగాడు. "మామూ, ఎడమకాలితో ఎన్ని రోజులు ఆడిస్తే అలవాటు అవుతుంది? మా గల్లీ పిల్లలకు నేర్పిస్తున్నా."